నిన్న ఎక్కడెక్కడికి పోయారు?

అబిడ్స్ జీపీఓ చౌరస్తాలో నిలబడి బండ్లు లెక్కపెట్టడం పెద్ద విద్యేం కాదు. ట్రాఫిక్ సర్వేలకు వచ్చే కుర్రాళ్లు చేసే పని అదే. చేతిలో ఒక అట్ట, దానికి క్లిప్పు పెట్టి బిగించిన కాగితం, పావుగంటకొక వరస. స్కూటరు పోతే ఒక గీత, ఆటో పోతే ఒక గీత, నాలుగు నిలువు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. రాత్రయ్యేసరికి ఏ వైపు నుంచి ఎన్ని బండ్లు వచ్చి ఏ వైపు మళ్లాయో చెప్పేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని కెమెరాలే చేస్తున్నాయి. కానీ ఆ స్కూటరు మీదున్నాయన గన్‌ఫౌండ్రీలో పిల్లను బడి దగ్గర దింపి వస్తున్నాడో, కోఠీలో మందులు కొనుక్కుని పోతున్నాడో, ఉప్పల్ నుంచి నాంపల్లి కోర్టుకు వాయిదా కోసం బయల్దేరాడో ఆ గీత చెప్పదు. ఫుట్‌పాత్ మీద నడిచిపోయేవాళ్లకైతే ఆ కాగితంలో గడే ఉండదు.

అది తెలియాలంటే రోడ్డు వదిలి ఇంటికి పోవాలి. తలుపు కొట్టి, ఇంట్లో ఒక్కొక్కరినీ పలకరించి, నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎక్కడెక్కడికి పోయారో అడిగి రాసుకోవాలి. హౌస్‌హోల్డ్ ట్రావెల్ సర్వే అంటే ఇదే. అమెరికా ప్రభుత్వ రోడ్ల శాఖ 1944లోనే దీనికొక పద్ధతుల పుస్తకం వేసింది. 1950లలో డెట్రాయిట్, షికాగో నగరాల్లో పెద్ద ఎత్తున ఇంటింటికీ తిరిగారు. 1960లలో లండన్, హిరోషిమా ఆ దారి పట్టాయి. మనకూ ఇది కొత్త కాదు. 1980లలో హైదరాబాద్ ఏరియా ట్రాన్స్‌పోర్టేషన్ స్టడీ వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ చేతుల మీదుగా జరిగింది. ఈ రంగంలో వాళ్లు దాన్ని పొట్టిగా 'హాట్స్' అంటారు. తర్వాత హెచ్ఎండీఏ కోసం లీ అసోసియేట్స్ సౌత్ ఏషియా సంస్థ 2011ని బేస్ ఇయర్‌గా పెట్టుకుని, 2041 దాకా చూపు సారించి సమగ్ర రవాణా అధ్యయనం చేసింది.

ఇలాంటి నివేదికలు వచ్చినప్పుడు పేపర్లు ఎక్కడ ఫ్లైఓవర్ వస్తుంది, మెట్రో ఎటు తిరుగుతుంది అన్నదే రాస్తాయి. చివర అనుబంధంలో ఇళ్లలో నింపిన ఫారం నమూనా ఒకటి ఉంటుంది. దాని జోలికి ఎవరూ పోరు. నాకు మాత్రం నివేదిక మొత్తంలో చదివి ఆనందించదగ్గ భాగం అదే అనిపిస్తుంది. ఎవరో కూర్చుని, మనుషుల మతిమరుపునీ మొహమాటాన్నీ విసుగునీ ముందే ఊహించి, ఒక్కో గడి గీశారు. ఆ పనితనం గురించే ఈ వ్యాసం.

ఫారం మొదట ఇంటి సంగతి అడుగుతుంది. ఎంతమంది, ఎవరి వయసెంత, ఎవరేం చేస్తారు, బండ్లు ఎన్ని. బండ్ల వరసలో సైకిల్ ఉందా లేదా చూస్తే చాలు, ఫారం రాసినవాళ్లు నగరంలో ఎవరెవరిని చూశారో తెలిసిపోతుంది. ఇంకాస్త జాగ్రత్త ఉన్నవాళ్లు ప్రస్తుతం వాడుకలో ఉన్న సైకిల్ అని కూడా రాస్తారు. మేడ మీద తుప్పు పట్టినదాన్ని లెక్కేసుకుంటే ఉపయోగం లేదు కదా. ఆదాయం ప్రశ్న చివరికి పెడతారు. తలుపు తీసిన నిమిషానికే నెలకెంత వస్తుందని అడిగితే ఆ తలుపు మళ్లీ మూసుకుంటుంది. అడిగినా అంకె చెప్పమనరు. శ్లాబులు రాసిన కార్డు చూపించి మీరు ఏ వరసలోకి వస్తారని అడుగుతారు. రెండో భాగం మనిషికొకటి. మూడోది అసలైనది. నిన్నటి రోజంతా ట్రిప్పుకో వరసగా: ఎక్కడ బయల్దేరారు, ఎన్నింటికి, ఎక్కడ చేరారు, ఎన్నింటికి, ఏ పని మీద, దేని మీద, ఎవరితో, ఎంత ఖర్చయింది.

ఈ మూడో భాగంలో నాకు అన్నిటికంటే నచ్చేది 'నిన్న' అన్న షరతు. 'రోజూ ఎలా పోతారు' అని అడిగితే మనిషి తన మామూలు రోజును చెప్తాడు. ఆ మామూలు రోజు తలలో ఉంటుంది కానీ క్యాలెండర్‌లో దొరకదు. రోజూ బస్సుకే పోతానండీ అన్నాయన నిన్న వాన పడిందని ఆటో ఎక్కి ఉంటాడు, దారిలో ఆగి బ్యాంకులో పని చూసుకుని ఉంటాడు. నిన్న ఒక్కరోజునే అడిగితే అతని మామూలు తప్పిపోయినా ఫరవాలేదు. వేల మంది నిన్నలు కలిస్తే నగరం మామూలు రోజు దానంతటదే తయారవుతుంది. ఒక మనిషి విషయంలో కచ్చితత్వం వదులుకుని ఊరి విషయంలో దాన్ని సంపాదించడం చాలా తెలివైన బేరం.

తేడా తెలియాలంటే మన జనాభా లెక్కలనే చూడొచ్చు. 2011 సెన్సస్‌లో పనికి పోయేవాళ్లను ఇంటి నుంచి పనిచోటు ఎంత దూరం, దేని మీద పోతారు అని అడిగారు. ఆ జవాబులు బీ-28 అనే పట్టికగా వచ్చాయి. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక మిగతా పనులు చేసే సుమారు 20 కోట్ల మంది అందులో ఉన్నారు. వాళ్లలో నాలుగున్నర కోట్ల మంది కాలినడకన, రెండున్నర కోట్లకు పైగా సైకిల్ మీద పనికి పోతున్నారని తేలింది. అది చిన్న విషయం కాదు. కార్ల కోసం రోడ్లు వెడల్పు చేసే దేశానికి ఆ రెండు అంకెలు గట్టిగానే తగలాలి. అయినా ఆ పట్టికలో బడికి పోయే పిల్లాడు లేడు, కూరగాయలకు పోయే తల్లి లేదు, నీలోఫర్ ఆస్పత్రిలో మనవణ్ని చూడ్డానికి పోయిన తాత లేడు. దేశమంతటినీ లెక్కపెట్టే పనిలో ఒక్కో మనిషికి దక్కే ప్రశ్నలు అన్నే. మిగిలిన రోజును ట్రావెల్ సర్వేనే పట్టుకోవాలి.

ఏ నిన్న అన్నది మరో ప్రశ్న. జర్మనీలో డ్రెస్‌డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 1972లో, అంటే తూర్పు జర్మనీ రోజుల్లో, ఊళ్లలో నివసించేవాళ్ల రోజువారీ రాకపోకల మీద ఒక సర్వే మొదలుపెట్టింది. దాన్ని పొట్టిగా ఎస్ఆర్‌వీ అంటారు. దేశం మారింది, ప్రభుత్వం మారింది, కరెన్సీ రెండుసార్లు మారింది. సర్వే మాత్రం కొన్నేళ్లకోసారి జరుగుతూనే ఉంది, ఇప్పుడు వందకు పైగా ఊళ్లు అందులో చేరాయి. వాళ్లు ప్రధానంగా మంగళ, బుధ, గురువారాలనే పట్టుకుంటారు. సెలవులు పక్కన పెడతారు. ఒకే ప్రశ్నలు, ఒకే నిబంధనలు. అందువల్ల ఒక ఊరిని ఇంకో ఊరితోనూ, ఇవాళ్టి ఊరిని యాభై ఏళ్ల కిందటి ఊరితోనూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ప్రశ్న మార్చాలన్న దురద ప్రతి కొత్త బృందానికీ ఉంటుంది. దాన్ని ఇన్నేళ్లు అణచుకోవడం కూడా పనితనమే.

ఆ నియమాన్ని నాంపల్లికి తెచ్చి పెట్టండి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్. ఆ నెలన్నరలో చేసిన సర్వే సాయంత్రం రాకపోకలను ఉబ్బించి చూపిస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ వేరు, గురువారం యూసుఫైన్ దర్గా రద్దీ వేరు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల సంత వేరు. కోర్టు సెలవుల్లో వకీళ్లు, కక్షిదారులు కనపడరు. వేసవి సెలవుల్లో చాపెల్ రోడ్ బడుల ముందు ఆటోల వరస ఉండదు. ఇవన్నీ తీసేస్తే మామూలు రోజు మిగులుతుంది నిజమే. కానీ పుస్తకాల సంతకు వచ్చేవాళ్లు మంగళవారం సర్వేలో ఎప్పటికీ పడరు. బస్సుల ప్రణాళికకు మంగళవారం చాలు. ఈ పేట ఎందుకు బతికుందో తెలియాలంటే ఆదివారం కూడా కావాలి. కనీసం కొన్ని ఇళ్లలోనైనా వారంలో ఏడు రోజులూ వచ్చేలా శాంపిల్ పంచడం మేలని నా అభిప్రాయం.

రోజు ఎక్కడ మొదలవుతుందో కూడా ఎవరో తేల్చాలి. గణాంక శాఖ 2019లో జరిపిన టైమ్ యూజ్ సర్వే రోజును తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా లెక్కేసింది, అరగంటకో గడిగా. అర్ధరాత్రితో రోజు తెగితే పెళ్లి నుంచి పన్నెండున్నరకు తిరిగొచ్చిన కుటుంబానికి పోవడం ఒక రోజులో, రావడం మరో రోజులో పడుతుంది. నాలుగింటికి దాదాపు అందరూ ఇళ్లలో ఉంటారు కనక అక్కడ కోస్తే గాయం తక్కువ. రంజాన్ నెలలో ఈ ఊళ్లో నాలుగింటికి సగం గల్లీలు మేలుకునే ఉంటాయి, అది వేరే సంగతి.

ఇక అడగడం. నాంపల్లి మార్కెట్ వెనక ఒక ఇల్లు అనుకుందాం. సర్వే అమ్మాయి గుమ్మంలో కూర్చుంది. పెద్దావిడ మొదటి జవాబు దాదాపు ప్రతి ఇంట్లో వినిపించేదే.

"ఎక్కడికీ పోలే బిడ్డా. నిన్నంత ఇంట్ల్నే ఉన్న."

"పొద్దుగాల పాలకు ఎవరు పోయిన్రమ్మా?"

"నేనే పోయిన. గదేం పోవుడు, గల్లీ మూలకే గద!"

"పిలగాణ్ని బడి కాడ ఎవరు దింపిన్రు?"

"మా కోడలు. అట్నుంచి అటే డ్యూటీకి పోయింది. నేను మాపటీలి మల్లేపల్లిల మా చెల్లె ఇంటికి పోయొచ్చిన, గంతే. వచ్చేటప్పుడు మార్కెట్ల కూరగాయలు కొన్న."

ఎక్కడికీ పోని మనిషి ఖాతాలో అయిదు వరసలు పడ్డాయి. ఇంటి నుంచి పాలకు, పాల నుంచి ఇంటికి, ఇంటి నుంచి మల్లేపల్లికి, అక్కణ్నుంచి మార్కెట్‌కి, మార్కెట్ నుంచి ఇంటికి. ఆ అమ్మాయి 'ఇంకెక్కడికి పోయారు' అని గుచ్చి గుచ్చి అడగలేదు. పాలు, బడి, కూరగాయలు అంటూ రోజులో తప్పకుండా జరిగే పనుల్ని పట్టుకుని అడిగింది. మనుషులకు పోయిన చోట్లు గుర్తుండవు, చేసిన పనులు గుర్తుంటాయి. అందుకే మంచి శిక్షణలో పోయిన చోటుకంటే ముందు పనిని అడగమంటారు. చేరిన చోటు రాశాక 'అక్కడ పనయ్యాక ఏం చేశారు' అన్నదే తర్వాతి ప్రశ్న. ఒక వరస చివర ఉన్న చోటు కింది వరస మొదట్లో రావాలి. రాలేదంటే మధ్యలో ఏదో జారిపోయింది. ఫారం తనను తాను సరిచూసుకునే ఏర్పాటు అది. సూపర్‌వైజర్ సాయంత్రం కట్టలు తిరగేసేటప్పుడు ముందు వెతికేది దాన్నే.

నిజంగానే గడప దాటనివాళ్లు ఉంటారు. వాళ్లకు సున్నా వేయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీ అంటే అడగలేదని, సున్నా అంటే అడిగితే పోలేదన్నారని. ఈ రెంటికీ తేడా చెరిపేసిన సర్వేను నమ్మడం కష్టం. పోలేదన్నవాళ్లలో కొందరు ప్రశ్నల బాధ తప్పించుకోవడానికి అలా అంటారని ఈ రంగంలో వాళ్లకు బాగా తెలుసు. మాద్రే, ఆక్స్‌హౌసెన్, బ్రోగ్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో అనేక దేశాల సర్వేలు తిరగేసి, పని రోజున ఇల్లు కదలనివాళ్లు 8 నుంచి 12 శాతం దాకా ఉండొచ్చనీ అంతకు బాగా మించితే సర్వే చేసిన తీరునే అనుమానించాలనీ అన్నారు. ఆ కొలబద్దను మన దగ్గరికి ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. ఐఐటీ ఢిల్లీకి చెందిన రాహుల్ గోయల్ 2019 టైమ్ యూజ్ సర్వే నుంచి పట్టణాల లెక్క తీస్తే సుమారు 53 శాతం ఆడవాళ్లు ఆ రోజు ఇల్లు దాటలేదని తేలింది. మగవాళ్లలో అది 14 శాతం. అందులో సర్వే లోపం ఎంత, సమాజం ఎంత అన్నది విడదీయాలంటే పాల ప్రశ్న లాంటి ప్రశ్నలు ఇంకా ఎక్కువ ఇళ్లలో అడగాలి.

పెద్దావిడ కోడలి సంగతి కూడా చెప్పేసింది చూశారా? మంచి ఫారంలో దానికీ ఒక గడి ఉంటుంది: జవాబు ఆ మనిషే చెప్పారా, ఇంకొకరు చెప్పారా. ఇంకొకరు చెప్పినప్పుడు పని, బడి లాంటి పెద్ద ప్రయాణాలు వస్తాయి, చిన్నవి రాలిపోతాయి. అందుకే కోడలు ఇంటికొచ్చే వేళకు మళ్లీ రావాలి. వచ్చి అడిగితే ఇలా తేలుతుంది: ఎనిమిదిన్నరకు కొడుకుతో ఆటోలో గన్‌ఫౌండ్రీ బడికి, పని: దింపడం. అక్కణ్నుంచి బస్సులో కోఠీ షాపుకి, పని: ఉద్యోగం, టికెట్: సున్నా. సాయంత్రం షాపు నుంచి నడిచి సుల్తాన్ బజార్‌కి, పని: కొనుగోలు. అక్కణ్నుంచి ఇంటికి. మొత్తం నాలుగు. జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే భర్త రోజు చూస్తే పొద్దున నడిచి పోవడం, రాత్రి నడిచి రావడం, రెండే వరసలు. సెన్సస్ ప్రశ్నలోనైతే ఆమె బస్సు, ఆయన నడక, అంతటితో సరి. బడి దారి ఉండదు, బజారు ఉండదు. 'దింపడం' అనే పనికి విడిగా ఒక కోడ్ ఉండాలని మొదట పట్టుబట్టినవాళ్లెవరో గానీ వాళ్లకు దండం పెట్టాలి. అది లేని ఫారాల్లో ఆ తల్లి పొద్దుటి ప్రయాణం 'చదువు'లోనో 'ఇతరం'లోనో కలిసిపోతుంది.

నిబంధనల పుస్తకం తెరిస్తే ఇలాంటి ముడులు ఎన్నో. నాంపల్లి నుంచి హైటెక్ సిటీలో ఆఫీసుకు పోయే కుర్రాణ్ని తీసుకోండి. ఇంటి నుంచి నాంపల్లి మెట్రో స్టేషన్‌కి నడక, అమీర్‌పేటలో రైలు మార్పు, హైటెక్ సిటీలో దిగి షేర్ ఆటో. పోయింది ఒక్క పని మీద, కాబట్టి ట్రిప్పు ఒకటే. లోపల దశలు నాలుగు. పట్టికలో ఒక్క పేరే రాయాలంటే ఎక్కువ దూరం మోసిన మెట్రో పేరు పడుతుంది. మరి నడకా ఆటో ఏమయ్యాయి? దశలను విడిగా రాయించుకున్న సర్వేలో అవి బతుకుతాయి, లేనిదాంట్లో మెట్రో మింగేస్తుంది. స్టేషన్ బయట ఫుట్‌పాత్ బాగుండాలా అన్న ప్రశ్నకు జవాబు ఆ మింగేసిన భాగంలోనే ఉంటుంది. అలాగే, పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక చుట్టు తిరిగి ఇంటికొచ్చినాయన ఎక్కడికి పోయినట్టు? బయల్దేరిన చోటే చేరిన చోటు. కొందరు దాన్ని తిరిగిన దూరంలో అత్యంత దూరపు చోట రెండుగా విరిచి రాస్తారు. ఆటో డ్రైవర్ రోజంతా తిప్పిన సవారీలు అతని ట్రిప్పులా? కావు, అవి ఎక్కినవాళ్ల ఇళ్లలో లెక్కకు వస్తాయి. డ్రైవర్‌కు పొద్దున స్టాండుకు పోవడం, రాత్రి ఇంటికి రావడమే రాస్తారు. లేకపోతే ఒకే ప్రయాణం రెండుసార్లు పడుతుంది.

నడక దగ్గరికి వచ్చేసరికి ఈ రంగం చాలాకాలం కళ్లు మూసుకుంది. తొలినాటి అమెరికన్ సర్వేలు హైవేల కోసం పుట్టినవి కనక నడకను చాలావరకు వదిలేశాయి. తర్వాత చేర్చుకున్నా ఇంకో ఇబ్బంది వచ్చింది: ప్రతి చిన్న నడకా రాయమంటే మనిషి విసిగిపోయి అసలు డైరీనే పక్కన పడేస్తాడు. బ్రిటన్ నేషనల్ ట్రావెల్ సర్వే దీనికి కనిపెట్టిన ఉపాయం చూడండి. డైరీ ఏడు రోజులు రాయాలి. మైలు లోపు నడకలు మాత్రం ఆ ఏడింటిలో ఒక్క రోజే రాయాలి. ఆ ఒక్క రోజును ఏడుతో హెచ్చించుకుంటారు. ఓపిక అనేదాన్ని కూడా కొలిచి, ఎక్కడ ఎంత ఖర్చుపెట్టాలో లెక్కేసుకున్నారు. జీపీఎస్ పరికరాలు ఇచ్చి, చెప్పిన డైరీలతో పోల్చి చూసిన ప్రయోగాల్లోనూ ముందుగా మాయమైనవి చిన్న దూరాలు, దారిలో కాసేపు ఆగిన చోట్లే. ఫోన్ యాప్‌లు ఇప్పుడు ఆ లోటు తీరుస్తున్నాయి. కానీ ఫోన్‌కు ఎక్కడ ఆగావో తెలుస్తుంది గానీ ఎందుకు ఆగావో తెలియదు. ఇరానీ చాయ్‌కా, చిట్టీ కట్టడానికా?

ఇన్ని ఇళ్లలో అడిగినా నగరమంతా అడగడం సాధ్యం కాదు. నగరాన్ని జోన్లుగా కోసి, ప్రతి జోన్‌లో కొన్ని ఇళ్లను ఎంచుతారు. వందకు ఒకటి ఎంచితే ఆ ఇంటి ప్రతి వరస వంద వరసలకు సమానం. మన పెద్దావిడ మర్చిపోయిన పాల నడక వంద నడకలు మర్చిపోయినట్టు. అబిడ్స్ లాంటి చోట ఇక్కడే ఒక విచిత్రం ఎదురవుతుంది. అక్కడ పగలు ఇసక వేస్తే రాలని జనం. రాత్రి నిద్రపోయేవాళ్లు కొద్దిమంది. షాపులు, ఆఫీసులు, బ్యాంకులు, లాడ్జీలు. అబిడ్స్ ఇళ్లను ఎంత ఓపికగా అడిగినా అబిడ్స్ దొరకదు. అబిడ్స్ అంతా దిల్‌సుఖ్‌నగర్‌లో, చాంద్రాయణగుట్టలో, కూకట్‌పల్లిలో, ఎవరి ఇళ్లలో వాళ్లు చెప్పే 'నిన్న అబిడ్స్‌కు పోయినం' అన్న వరసల్లో చెదిరి ఉంటుంది. ఊరంతా అడిగి, గమ్యాల గడిలో అబిడ్స్ జోన్ నంబరు పడ్డవన్నీ ఏరితే అప్పుడు ఆ పేట నిలబడుతుంది.

నాంపల్లికి ఇంకో చిక్కు. పొద్దున రైలు దిగి స్టేషన్ ఎదుటి లాడ్జీలో గది తీసుకున్న ఊరాయన, నిజామాబాద్ నుంచి పిల్లాణ్ని నీలోఫర్‌కు తెచ్చిన దంపతులు, దర్గాలో మొక్కు తీర్చుకుని సాయంత్రం బండికే తిరుగు ప్రయాణమైన కుటుంబం, వీళ్లెవరూ హైదరాబాద్ ఇళ్లలో ఉండరు. ఇంటింటి సర్వేకు వీళ్లు కనపడరు. అందుకని నగరపు పొలిమేరల్లో రోడ్ల మీద ఆపి అడిగే సర్వే ఒకటి, స్టేషన్లలో బస్టాండుల్లో అడిగేది ఒకటి విడిగా పెడతారు. ఒక్క సర్వే అంతా చెప్పదని ముందే ఒప్పుకుని, దాని పక్కన ఇంకో రెండింటిని కూర్చోబెట్టడం నాకు ముచ్చటగా ఉంటుంది.

అయినా ఇదంతా నిజమేనని ఎలా నమ్మడం? జనం చెప్పింది, అమ్మాయి రాసింది, వందతో హెచ్చించింది. ఇక్కడే ఈ విద్యలో నేను అన్నిటికంటే మెచ్చుకునే భాగం వస్తుంది. నగరానికి అడ్డంగా ఒక గీత ఎంచుకుంటారు, దాన్ని స్క్రీన్‌లైన్ అంటారు. దాటే దారులు కొన్నే ఉండాలి. నదో, రైలు పట్టాలో అయితే మంచిది. హైదరాబాద్‌కు మూసీ ఇందుకే ఉందా అన్నట్టు ఉంటుంది. అబిడ్స్ నుంచి చార్మినార్ వైపు పోయేవాళ్లు ఏ పని మీద పోయినా, దేని మీద పోయినా, పురానాపూల్, ముస్లింజంగ్ పూల్, నయాపూల్, చాదర్‌ఘాట్ లాంటి వంతెనల్లో ఏదో ఒకటి దాటాల్సిందే. ఇళ్లలో చెప్పిన వరసల్లో నది దాటినవన్నీ ఒక కుప్ప పోస్తారు. వంతెనల దగ్గర గీతలు గీసే కుర్రాళ్లను నిలబెట్టి, బండికి సగటున ఎందరున్నారో చూసుకుని, నడిచిపోయేవాళ్లను కూడా లెక్కపెట్టి ఇంకో కుప్ప పోస్తారు. ఎంజీబీఎస్ దాటాక మెట్రో కూడా నది మీదుగా మలక్‌పేటకు పోతుంది కనక ఆ రైళ్లలో ప్రయాణించినవాళ్లను కలుపుకోవాలి. రెండు కుప్పలూ దగ్గర దగ్గరగా ఉంటే ఇళ్లలో విన్నది నిజం. ఇళ్ల కుప్ప చిన్నదైతే జనం మరిచిపోయినవి అంతమేరకు ఉన్నాయన్నమాట. ఆ మేరకు హెచ్చించుకుంటారు. మొదట మనం కాదనుకున్న చౌరస్తా గీతలే ఇక్కడ తీర్పరులు. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ ఒక రవాణా లెక్కకు సాక్ష్యం చెప్పడం బాగుంది కదా.

ఆ తర్వాతిది కంప్యూటర్ పని. ఏ జోన్ నుంచి ఏ జోన్‌కు ఎందరు అన్న పెద్ద పట్టిక, దాని మీద మోడల్, దాని మీద 2041. అక్కడ ఎందరో నిపుణులున్నారు, నేను ఆగిపోతాను. ఒక్క ఫిర్యాదు మాత్రం చెప్పుకోవాలి. బ్రిటన్ సర్వే డైరీల దత్తాంశం, పేర్లు తీసేసి, పరిశోధకులకు అందుబాటులో ఉంటుంది. ఎవరైనా తిరిగి లెక్క కట్టి చూడొచ్చు. మన నగరాల్లో నివేదిక దొరికినంత సులువుగా దాని వెనకున్న వరసలు దొరకవు. ఇన్ని గుమ్మాల్లో కూర్చుని రాసినవి ఒక్క నివేదికకే పనికొచ్చి ఆగిపోతే పనికి గౌరవం కాదు.

పాతబడటం కూడా తొందరగానే జరుగుతుంది. 2011 బేస్ ఇయర్ అధ్యయనం కోసం ఇళ్లలో అడిగినప్పుడు ఈ నగరంలో మెట్రో లేదు. నాంపల్లి మీదుగా అమీర్‌పేట–ఎల్‌బీనగర్ రైలు 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. ఫోన్‌లో పిలిస్తే వచ్చే బైక్ ట్యాక్సీ అప్పట్లో లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు చాలా ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. కోడలి ఖర్చు గడిలో సున్నా పడింది అందుకే. ఆ సున్నా ఒక్కటే ఎన్ని ప్రయాణాలను పుట్టించిందో, ఎన్ని నడకల్ని బస్సులోకి ఎక్కించిందో పాత ఫారం చెప్పలేదు. జాతీయ గణాంక కార్యాలయం 2025 జులై నుంచి ఏడాది పాటు మొదటిసారిగా జాతీయ స్థాయి గృహ ప్రయాణ సర్వే పెట్టింది. నగరం తన కోసం ఎప్పుడు మళ్లీ ఇళ్లకు పోయినా కోడ్ల పట్టికను మాత్రం కూర్చుని తిరగరాయాలి. టూవీలర్ అన్న ఒక్క కోడ్ చాలదు. సొంతంగా నడిపినాయన, వెనక కూర్చున్న చెల్లెలు, యాప్‌లో పిలిపించుకుని వెనక కూర్చున్న ప్రయాణికురాలు, మూడూ వేర్వేరు కోడ్లు. ఆర్టీసీ బస్సులో డబ్బిచ్చిన టికెట్ ఒకటి, జీరో టికెట్ ఇంకొకటి. షేర్ ఆటోను మామూలు ఆటోలో కలపకూడదు. బిర్యానీ డబ్బా తెచ్చిచ్చిన కుర్రాడి ప్రయాణం ఎవరి ఖాతాలో రాయాలో, అది మానిపించిన ఇంటివాళ్ల ప్రయాణాన్ని ఏ గడిలో పట్టుకోవాలో కూడా సర్వే మొదలవకముందే తేల్చుకోవాలి. వేల ఫారాలు నిండాక గడి కలపడం కుదరదు.